చలి రాని ఏడాది

డోర్కా అక్కకు చలి వస్తే పక్కింట్లో గిన్నెలు కింద పడేవి. వేళాకోళానికి అనడం లేదు. మా ఊరు తలువాలో ఇళ్ళన్నీ గుంజల మీద ఎత్తుగా కట్టినవి, నేలంతా పోకమాను చీల్చి పరిచిన బద్దలు. అక్క ఇంటికీ, ఆమెకు వరసకు అన్న అయిన సేతి ఇంటికీ మధ్య ఒకటే అరుగు. ఈవిడ ఇక్కడ మంచం పట్టి ఊగిపోతుంటే అక్కడ సేతి వంటింట్లో సత్తు గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. "మా చెల్లెలికి ఒళ్ళు బాలేదు, వినబడుతోంది" అనేవాడు సేతి, పోకచెక్క నములుతూ.

మా ఊళ్ళో ఎవరి చలి ఎలాంటిదో అందరికీ తెలుసు. లోంగాకు చలి వస్తే చర్చి పాటలన్నీ వరసగా పాడతాడు. ముసలి చపానీ మాత్రం పళ్ళు బిగబట్టి, చచ్చిన మొగుణ్ణి తిడుతుంది. దోమలు ఎక్కువ, వానలు ఎక్కువ, ఏడాదికి మూడు నాలుగుసార్లు చలి చూడని మనిషి లేడు. ఆ జబ్బుకు పుస్తకాల్లో వేరే పేరుంది గానీ ఇక్కడ దాన్ని చలి అనే అంటారు. ఎవరికైనా చలి వచ్చిందంటే దగ్గరి చుట్టాలు వచ్చి ఆ మనిషికి అటూ ఇటూ ఒరిగి పడుకోవాలి, తమ ఒంటి వేడి ఇవ్వాలి. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది తర్వాత ఏళ్ళ తరబడి నడుస్తుంది. పెళ్ళికి పిలవకపోయినా ఊరుకుంటారు. చలికి రాకపోతే మాత్రం ముఖం చూడరు.

నేను ఈ ఊరి నర్సుని. పేరు సెలినా, మాది మలైతా ద్వీపం. రెండేళ్ళకని వేశారు, పద్నాలుగేళ్ళయింది. ఇక్కడి ఆసుపత్రి అంటే రెండు గదులు. ఒకటి నాది, రెండోది డోర్కా అక్కది. అక్క పని రక్తం చూడటం. వేలు గుచ్చి, చుక్క తీసి, గాజుపలక మీద పరిచి, ఆరబెట్టి, రంగుమందు పోసి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక కన్ను మూసుకుని చూడటం. కరెంటు లేదు. కిటికీలోంచి వచ్చే ఎండను చిన్న అద్దంతో లోపలికి తిప్పుకోవాలి. మబ్బు పడితే ఆగాలి. ఈ తీరంలో ఎండ కంటే మబ్బే ఎక్కువ, కాబట్టి ఆవిడ జీవితంలో సగం ఆ స్టూలు మీద మబ్బు పోయేదాకా కూర్చోవడంతోనే సరిపోయింది.

ఆ పని ఆమె కోరుకున్నది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట రాజధాని హోనియారాలో మూడు నెలల శిక్షణకు ఊరికొకరిని పంపమన్నారు. ఆరో తరగతి దాకా చదివి, వద్దనే మొగుడు ఇంట్లో లేని మనిషి ఊరు మొత్తానికి ఈవిడ ఒక్కతే. మొగుడు వేరే ద్వీపంలో కలప కొట్టే పనికని వెళ్ళి అక్కడే ఇంకో పొయ్యి పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క కూతురు కొండ అవతలి ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. "మీరందరూ వెళ్ళనన్నారు కాబట్టి నేను వెళ్ళాను" అనేది అక్క, ఎవరైనా ఆమె చదువును పొగిడితే. తల్లి చలితోనే పోయిందని, అప్పటికి తనకు తొమ్మిదేళ్ళని మాత్రం నాతో ఒక్కసారే చెప్పింది. తల్లికి ఒక పక్కన ఒరిగి పడుకున్నది తనేనట. వేడి తల్లి నుంచి తనకే వచ్చిందట గానీ, తను ఇచ్చిందేమీ లేదట.

హోనియారా నుంచి సూక్ష్మదర్శినితో పాటు ఆమె ఒక మాట కూడా తెచ్చుకుంది. దాన్ని ఇరవై రెండేళ్ళు అరగదీసింది. నేను కొత్తగా వచ్చిన వారంలోనే విన్నాను. లోంగాను నలుగురు మోసుకొచ్చారు. రెండు దుప్పట్లు, పైన ఒక చాప, అయినా ఊగిపోతున్నాడు.

"చచ్చిపోతున్నానక్కా! మంచులా ఉంది. పొయ్యి పెద్దది చెయ్యమను!"

"మంచు నువ్వెప్పుడు చూశావురా?" అంటూ అక్క అతని చంకలో జ్వరం కొలిచే గాజుగొట్టం పెట్టింది. తీసి నాకు చూపించింది. నూట మూడు దాటింది.

"నీకు చలేస్తోంది అంటే నువ్వు కాలుతున్నావని అర్థం. ఆ దుప్పట్లు తియ్యి."

"కాలేవాడికి చలెందుకేస్తుందే? నాకు పిచ్చా?"

"పిచ్చి నీకు కాదు, నీ ఒంటికి. విను. నీ ఒంట్లో పురుగు పడింది. ఒళ్ళేమో, 'ఈ పాటి వేడి చాలదు, ఇంకా పెంచితే గానీ ఇది చావదు' అనుకుంది. రోజూ ఉండే వేడి దానికి ఇవాళ ఆనట్లేదు. అది ఎంత వేడి కావాలనుకుందో అంత వచ్చేదాకా నీకు చలిగానే ఉంటుంది. కండలన్నిటినీ ఊపి ఊపి వేడి పుట్టిస్తోంది. చేతుల్లో కాళ్ళల్లో రక్తాన్ని లోపలికి లాగేసుకుంటోంది, అందుకే వేళ్ళు చల్లగా ఉన్నాయి. చూడు, నీ పొట్ట ఎలా కాలుతోందో."

"మరి ఎప్పుడు తగ్గుద్ది?"

"అది అనుకున్న వేడికి చేరగానే వణుకు ఆగుతుంది. ఇక చాలు అనుకున్నాక చెమట పోస్తుంది. చలంటే నీ ఒళ్ళు కొట్లాడుతోందిరా. కొట్లాడనీ."

లోంగా చెయ్యి చాపి, "కొట్లాడితే కొట్లాడింది గానీ, దుప్పటి మాత్రం ఇవ్వు" అన్నాడు.

ఒక దుప్పటి ఇచ్చింది. అంతే, ఆవిడ ఎప్పుడూ పూర్తిగా గెలిచింది లేదు, పూర్తిగా ఓడిందీ లేదు. అయితే ఆ మాట మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది. చలి అంటే ఒళ్ళు కొట్లాడటం. పిల్లలు కూడా చెప్పేవారు.

ఆవిడ చెప్పిన రెండో మాటను మాత్రం ఒక్కరూ చెవిన పెట్టలేదు. మాత్రలు మూడు రోజులు మింగాలి. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు, మొత్తం ఇరవై నాలుగు. మా వాళ్ళు మొదటి రోజు బుద్ధిగా మింగుతారు. రెండో రోజుకు వణుకు ఆగుతుంది. ఆగిందంటే జబ్బు పోయినట్టే లెక్క, మిగిలిన మాత్రలు ఇంటి చూరులోకి. మళ్ళీ చలి వచ్చినప్పుడు ఉంటాయని. ఓడ ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో మందు ముందే అయిపోగొట్టుకోవడం వాళ్ళకు తెలివితక్కువ పని. పోకచెక్కలోకి సున్నం పోసుకునే బుర్రల్లో, అగ్గిపెట్టెల్లో, చిరుగు గుడ్డల మూటల్లో దాస్తారు. అక్క ఇళ్ళకు వెళ్ళి చూర్లు తడిమేది. దొరికితే అరుగు మీద నిలబడి ఊరంతా వినేలా కడిగేసేది. "పురుగు సగమే చచ్చింది. మిగతా సగం నీ రక్తంలో పిల్లల్ని పెడుతోంది. వణుకు ఆగితే పురుగు పోయినట్టు కాదు, తెలిసిందా?" తల ఊపేవాళ్ళు. ఆవిడ మెట్లు దిగగానే ఇంకో చోట దాచేవాళ్ళు.

దొంగ వణుకుల సంగతి చెప్పనే లేదు. మందుల పెట్టె దిగిన రోజున ఊళ్ళో చలి బాగా ఎక్కువయ్యేది. వరండా నిండా దుప్పట్లు, లోపల మనుషులు ఊగుతూ. అక్క అందరినీ దాటుకుంటూ వెళ్ళి ఒక్కొక్కరి ముంజేయి పట్టుకునేది. నిజం చలికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి, వేళ్ళు చల్లబడతాయి, పొట్ట కాలుతుంది. అవి తెచ్చిపెట్టుకుంటే వచ్చేవి కావు. "నువ్వు లే. నువ్వూ లే. పెద్దయ్యా, మీరు కూడా, పెద్దవారు, సిగ్గుండాలి." ఒక్క దొంగ కూడా ఆమె చేతికి చిక్కకుండా పోలేదు.

పోయిన ఏడు డోర్కా అక్కకు చలి రాలేదు.

ముందు ఎవరూ గమనించలేదు. తర్వాత సేతి అన్నాడు, "ఈ మధ్య మా గిన్నెలు పడట్లేదేంటి చెల్లీ?" అని. అప్పుడు లెక్కేసుకుంటే పదమూడు నెలలు. ఊరంతా సంతోషించింది. చపానీ ఆమెకు వరసకు పెద్దమ్మ, కాల్చిన చేపొకటి పట్టుకొచ్చింది. "ఇన్నాళ్ళకి నిన్నొదిలిందే. నీ నోటికి భయపడుంటది."

"దానికీ విసుగొచ్చుంటుంది పెద్దమ్మా, నన్ను చూసి చూసి" అంది అక్క.

నాకు మాత్రం నచ్చలేదు. గాలుల కాలం మొదలయింది. సముద్రం లేచి పడుతోంది, అయిదు వారాలుగా ఓడ లేదు. అక్క వరండా కింది కుళాయి దగ్గర బిందె నింపుకుని పైకి రావడానికి మూడుసార్లు కూర్చుంది. ఉన్నవి పదకొండు మెట్లు. స్టూలు మీద కూర్చుంటే లేవాలనిపించదనేది. దుంపల తోటకు పోవడం మానేసింది. సాయంత్రం పొయ్యి వెలిగించే ఓపిక లేక పచ్చి కొబ్బరి తిని పడుకునేది. అడిగితే "వయసు" అనేది. యాభై రెండేళ్ళకు ఏం వయసు, నా తలకాయ! ఒకరోజు పట్టుకుని కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాల్సింది, కొబ్బరిలా ఉంది.

"వేలివ్వు" అన్నాను.

"చలి లేదుగా నాకు."

"నా సరదా కోసం ఇవ్వు."

ఇచ్చింది. వాదించే ఓపిక కూడా లేక ఇచ్చింది. మామూలుగా అయితే నన్ను ఆ గదిలోంచి తరిమేది.

ఆ రోజు తొమ్మిది పలకలున్నాయి. మేం పలకల మీద పేర్లు రాయం, నంబర్లు రాస్తాం. మొహమాటం లేకుండా చూడొచ్చని అక్కే పెట్టిన పద్ధతి. నేను ఆమె పలకకు ఏడు వేసి మిగతావాటిలో కలిపేశాను. పదకొండింటికి ఎండ వచ్చింది. ఆమె ఒక కన్ను మూసుకుని మొదలుపెట్టింది. నేను అవతల పుండ్లకు కట్లు కడుతూ చెవి అటే పెట్టాను.

"నాలుగు శుభ్రం... అయిదు శుభ్రం... ఆరు, కొంచెం ఉంది." తర్వాత అద్దం మళ్ళీ తిప్పుకున్న చప్పుడు. "సెలినా! ఏడెవరు?"

"ఎందుకు?"

"రక్తం నీళ్ళలా ఉంది. ఎర్రకణాలకే కరువు, ఉన్నవాటిలో కూడా పురుగులు. ఎన్నాళ్ళ నుంచి తింటున్నాయో పాపం. ఈ మనిషిని నడవనివ్వకు, మోసుకు రమ్మను. ఎక్కడున్నారు?"

"స్టూలు మీద."

ఆవిడ కన్ను ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ పలక వైపు చూసింది. నంబరు దగ్గరికి పెట్టుకుని చదువుకుంది, ఏడు కాదేమో అన్నట్టు.

"నాకు చలి లేదే" అంది.

అదే మాట నాలుగుసార్లంది. ఇరవై రెండేళ్ళు ఊరికి చెప్పిన మనిషి, వణుకు ఆగితే పురుగు పోయినట్టు కాదని చూర్ల కింద నిలబడి అరిచిన మనిషి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మా లోంగా కంటే నయంగా ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది. దాని వెనకే భయం కూడా వచ్చింది. కాగితం మీద రక్తపు చుక్క వేసి రంగుల చీటీతో పోల్చి చూశాను. రక్తం పన్నెండు ఉండాల్సిన చోట అయిదు. అంతకన్నా దిగితే గుండె ఆగుతుంది.

"ఒళ్ళు కొట్లాడటం మానేసిందక్కా" అన్నాను. "ఇన్నేళ్ళు ప్రతిసారీ వేడి పెంచి, ఊపి, చెమట పోసి, మళ్ళీ మొదటి నుంచి. ఇక దానికి అలవాటైపోయింది. వచ్చినవాళ్ళను రానిస్తోంది. వాళ్ళు లోపల కూర్చుని తింటున్నారు."

"అంటే అలిసిపోయింది."

"అనుకో."

"నేనూ అదే అనుకున్నాను, నేను అలిసిపోయానని" అంది. పలకను జాగ్రత్తగా తీసి పెట్టెలో పెట్టింది. ఎనిమిది, తొమ్మిది కూడా చూసి పూర్తిచేసింది.

మాత్రల డబ్బా ఖాళీ. ఆఖరి ఇరవై నాలుగు ముందురోజే సేతి మనవరాలికి ఇచ్చాం. పద్నాలుగేళ్ళ పిల్ల, నేల బద్దలు విరిగేలా వణికింది. లెక్కపెట్టి చేతిలో పోసింది డోర్కా అక్కే. రేడియోలో హోనియారాకు చెప్పాను. గాలి తగ్గితే ఓడ, తగ్గాలంటే రెండు వారాలు అన్నారు. కొండ దాటి నడిస్తే మూడు రోజుల దారి, పదకొండు మెట్లెక్కలేని మనిషికి. రెండు వారాలు ఆమె దగ్గర లేవని నాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఊళ్ళో మాత్రలు లేకపోవడమేం? ప్రతి చూరులో ఉన్నాయి. నేను బయల్దేరాను.

ముందు సేతి ఇంటికే వెళ్ళాను. మనవరాలు లేచి కూర్చుని దుంప తింటోంది. ఆ పిల్ల మాత్రల జోలికి నేను పోను. పాతవి అడిగాను.

"మాత్రలా? మా ఇంట్లోనా?" సేతి ఆశ్చర్యం చూస్తే నవ్వొచ్చేది, ఇంకోరోజైతే. "దేవుడి తోడు నర్సమ్మా, ఒక్కటి కూడా లేదు. మేం మూడు రోజులూ మింగుతాం. మా చెల్లెలు చెప్పినట్టే."

"మీ చెల్లెలికే కావాలి సేతన్నా. చావుబతుకుల్లో ఉంది."

"డోర్కాయా?" అరుగు మీదికి వచ్చి చెల్లెలి ఇంటివైపు చెవి పెట్టాడు. "ఏం వినబడట్లేదే."

"అదే జబ్బు. చలి రాకుండా చలి పట్టింది."

సేతి నన్ను జాలిగా చూశాడు. "చలంటే ఒళ్ళు కొట్లాడటం అని మాకు చెప్పిందెవరు? తనేగా. కొట్లాట లేదంటే పురుగు లేదనేగా? నువ్వు మలైతా దానివి, నీకు మా చలి సంగతి సరిగ్గా తెలీదులే."

ఆవిడ చెప్పిన ఒక్క మాటను ఇంత గట్టిగా పట్టుకుని ఇలా నా నెత్తిన కొడతారని నేను అనుకోలేదు.

పదహారిళ్ళు తిరిగాను. అన్ని చోట్లా అదే. చపానీ అయితే సూటిగానే అంది, "ఆవిడే పంపించిందిగా నిన్ను? మేం చూపించగానే వచ్చి అరుగెక్కి పరువు తీద్దామని. పోయినేడు నా సున్నపు బుర్ర అందరి ముందు బోర్లించింది. మర్చిపోయాననుకుందా?"

"పెద్దమ్మా, నిజంగా చచ్చిపోద్ది."

"చచ్చిపోయేవాళ్ళు వణుకుతారు. నా మొగుడు మూడ్రోజులు వణికాడు. మంచం కోళ్ళు ఊడాయి. అదేమో నిన్న నా ఎదురుగానే నిమ్మళంగా కూర్చుంది."

తిరిగొచ్చి అక్క మంచం పక్కన కూలబడ్డాను. వాళ్ళ మీద కోపం నాకు రావాల్సినంత రాలేదు. ఇన్నేళ్ళలో మా మాట ఒక్కటీ వాళ్ళ దగ్గర నిలబడలేదంటే తప్పెవరిదో నాకు అర్థం కాలేదు. ఈ ఊళ్ళో పద్నాలుగేళ్ళలో మొదటిసారి మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలనిపించింది.

"ఇవ్వలేదుగా?" అంది అక్క.

"నువ్వు వలేశావనుకుంటున్నారు."

"వేశాను కూడా, చాలాసార్లు."

అప్పుడు నేనో మాట అన్నాను. నర్సు అనకూడని మాట. "రేపు ఆదివారం. చర్చి అయ్యాక అందరూ నీ అరుగు ముందు నుంచే పోతారు. దుప్పటి కప్పుకుని కూర్చో. వణుకు."

"ఏంటీ?"

"వణుకు. ఒక్కసారి. వాళ్ళకు అదొక్కటే అర్థమవుతుంది."

ఆవిడ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. "దొంగ వణుకా? నేనా? ఈ ఊళ్ళో ఎంతమంది ముంజేతులు పట్టుకున్నాను సెలినా! లోంగా నా ముంజేయి పట్టుకుంటాడు, చూస్తుండు."

"పట్టుకోనీ. నువ్వు లేకపోతే ఆ స్టూలు మీద ఎవరు కూర్చుంటారు? నాకా పలకలు చూడటం రాదు. నేనొక్కదాన్నే ఉండలేను ఇక్కడ. వినబడుతోందా? ఉండలేను."

అక్క కాళ్ళ దగ్గరి దుప్పటిని దగ్గరికి లాక్కుంది. "సరే" అంది.

మర్నాడు చర్చి అయ్యే వేళకు ఆమెను భుజం పట్టి అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టాను. బూడిదరంగు దుప్పటి తల మీదుగా కప్పాను. గాలి సముద్రం మీంచి ఉప్పుగా కొడుతోంది. జనం తెల్లబట్టలతో ఇద్దరేసి ముగ్గురేసి వస్తున్నారు. "ఇప్పుడు" అన్నాను.

దుప్పటి కింద భుజాలు ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలాయి. బియ్యం చెరుగుతున్నట్టుంది. ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. లోంగా ఆగి తల వంచి చూశాడు, ముఖంలో నవ్వు మొదలవుతోంది.

"రావట్లేదు సెలినా" అంది లోపల్నుంచి.

"ఇంకొక్కసారి."

"రావట్లేదు. ఎలా వణికేదాన్నో గుర్తు రావట్లేదు. వణకాలన్నా ఓపికుండాలి." దుప్పటి ముఖం మీదికి ఇంకా లాక్కుంది. "మా అమ్మ చివరి రోజున వణకలేదు. నాకు ఇప్పుడు గుర్తొచ్చింది. వణుకు ఆగిందని నేను సంతోషపడి ఆడుకోడానికి వెళ్ళాను."

దుప్పటి కదిలింది. మొదట కొంచెం, తర్వాత గట్టిగా. వీపు, భుజాలు, మోకాళ్ళు, అన్నీ. లోపల ఆవిడ ఏడుస్తోంది. నలభై ఏళ్ళు దాచుకున్న ఏడుపు, నోటి నిండా దుప్పటి కుక్కుకుని, శబ్దం రాకుండా. పోకబద్దలు ఊగడం మొదలుపెట్టాయి. సేతి ఇంట్లో గిన్నె ఒకటి పడింది.

ఆ శబ్దానికి వీధిలో అందరూ ఆగిపోయారు.

"డోర్కాకు చలొచ్చింది!" అని కేక పెట్టింది చపానీ. "ఓరి దేవుడా, నిజంగానే! చూస్తారేంట్రా, రండి!"

క్షణంలో అరుగు నిండిపోయింది. చపానీ ఆ వయసులో మెట్లు ఎలా ఎక్కిందో, వచ్చి ఆమె వీపుకు ఒరిగింది. సేతి భార్య ఇటు, ఇంకెవరో కాళ్ళ దగ్గర. లోంగా దుప్పట్లోకి చెయ్యి పెట్టి ముంజేయి పట్టుకున్నాడు. వేళ్ళు రక్తం లేక ఎలాగూ చల్లగానే ఉన్నాయి. "నిజం చలే!" అన్నాడు అందరివైపూ తిరిగి, ఏదో పరీక్ష పాసైనవాడిలా. నేను వాళ్ళను సరిదిద్దలేదు. చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాను.

మాత్రలు రావడం మొదలయింది. సున్నపు బుర్రల్లోంచి, అగ్గిపెట్టెల్లోంచి, చెవి దుద్దుల డబ్బాలోంచి, ప్రార్థన పుస్తకం అట్ట కింది నుంచి. ఎవరూ నా కళ్ళలోకి చూడట్లేదు. తెచ్చి నా ఒళ్ళో వేసి పక్కకు తప్పుకుంటున్నారు. సేతి తెచ్చినవే పదకొండు. నేను రేకుల మీద తేదీలు చూస్తూ ఏరాను. గడువు దాటినవి, నల్లబడినవి, చెమ్మ పట్టినవి పారేశాను. పనికొచ్చేవి ముప్పై ఒకటి తేలాయి.

ఏడుపు ఎప్పుడాగిందో నేను చూసుకోలేదు. మీంచి దుప్పటి తీసి ఆమె తల బయటికి పెట్టింది. ముఖం ఉబ్బి, జుట్టు చెదిరి ఉంది. నా ఒళ్ళో కుప్పను చూసింది. మనుషులవైపు చూసింది, ఒక్కొక్కరి వైపూ. అందరూ తల దించుకున్నారు. తిడుతుందని నేనూ అనుకున్నాను. ముప్పై ఒక్క మాత్రలంటే ఎంతమంది ఆమె మాట పెడచెవిన పెట్టారో ఆమెకు లెక్క తెలుసు.

"నీళ్ళు" అంది.

సేతి భార్య కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. నేను నాలుగు మాత్రలు విప్పి చేతిలో పోశాను. ఒకేసారి నోట్లో వేసుకుని మింగేసింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. కాసేపు అందరూ ఆమెనే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ వణకట్లేదు.

"తగ్గిందే!" అంది చపానీ, ఆమె వీపు మీంచి తల ఎత్తి. "నాలుగింటికే తగ్గిపోయింది. మంచి మందు." అని చెయ్యి చాపి నా ఒళ్ళోంచి తన ఆరు మాత్రలు ఏరుకోబోయింది. "ఇక అక్కర్లేదుగా. ఇటివ్వు, మళ్ళీ ఎవరికైనా చలొస్తే ఉంటాయి."

సేతి కూడా వంగాడు. లోంగా కూడా.

నేను నోరు తెరిచే లోపలే డోర్కా అక్క రెండు చేతులూ చాపి ఆ కుప్ప మీద పడింది. పదకొండు మెట్లెక్కలేని మనిషికి అంత జోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. మాత్రలన్నీ దుప్పట్లోకి లాక్కుని రొమ్ముకు అదుముకుంది.

"ఒక్కటి కూడా ఇవ్వను" అంది. "సాయంత్రం నాలుగు. రేపు ఎనిమిది. ఎల్లుండి ఎనిమిది. మింగేదాకా ఇక్కడే కూర్చోండి, అందరూ చూడండి."

చపానీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా మళ్ళీ ఆమె వీపుకు ఒరిగి కూర్చుంది.